బాలమణి నీళ్ళు ఎందుకు తాగదు

అది 2022, వానలు మొదలైన రోజులు. బొంబాయిలో గ్రాంట్ రోడ్ స్టేషన్ నుంచి పది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక చిన్న సోనోగ్రఫీ, అదే స్కానింగ్, సెంటర్‌లో నేను సిస్టర్‌ని. అప్పటికే అక్కడ పద్దెనిమిదేళ్ళ సర్వీసు. పేర్లు రాసుకోవడం, ఫారాలు నింపడం, పేషెంటును లోపల పడుకోబెట్టి పొట్ట మీద జెల్ పూయడం, డాక్టర్ మేడమ్ మరాఠీ ఆవిడ కాబట్టి తెలుగువాళ్ళు వస్తే మధ్యలో నిలబడి మాట అందించడం నా పనులు. పేషెంట్లను తిట్టడం నా పని కాదు. అయినా జీతం లేకుండా అది కూడా చేసేదాన్ని.

నేను కామాటిపురాలోనే పుట్టి పెరిగాను. మా తాత తరం వాళ్ళు ఈ ఊళ్ళో ఇళ్ళు కట్టే కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. అందుకని తెలుగు మాట వినపడితే చాలు, మేడమ్ "పద్మాతాయీ, మీవాళ్ళు వచ్చారు" అని నాకు అప్పగించేది. తాయి అంటే మరాఠీలో అక్క. ఆవిడ అలా అన్నప్పుడల్లా నాకు లోపల కాస్త గర్వంగానే ఉండేది. మావాళ్ళ సంగతి నాకు తెలియనిదేముంది అనుకునేదాన్ని.

బాలమణి అలా వచ్చినామే. వయసు ముప్పై ఒకటి. మహబూబ్‌నగర్ జిల్లాలోని ఒక పల్లె నుంచి భర్త చెన్నయ్యతో వచ్చి, ఫాక్‌లాండ్ రోడ్ వెనక వరుస గదులుండే చాల్‌లో ఒక గది అద్దెకు తీసుకుని ఉండేది. ఆయన మేస్త్రీ, ఈమె సైట్ల మీద ఇసుక, సిమెంటు మోసేది. మూడేళ్ళుగా కడుపునొప్పి. వచ్చిందంటే మెలికలు తిరిగిపోతుంది, వాంతులు చేసుకుంటుంది, రెండు మూడు గంటలకు ఎలా వచ్చిందో అలా పోతుంది. మర్నాడు మళ్ళీ తట్ట ఎత్తుకుని పనికి పోతుంది. గ్యాస్ మాత్రలు మింగింది, నులిపురుగుల మందు తాగింది, ఊరికి పోయి దిష్టి తీయించుకుంది. నాగ్‌పాడాలో ఒక డాక్టరు రాసిస్తే మా దగ్గరికి సోనోగ్రఫీకి వచ్చింది.

మొదటిసారి రిపోర్టులో ఏమీ తేలలేదు. ఆరు నెలల తర్వాత రెండోసారి వచ్చింది. గర్భసంచి కొంచెం వాచినట్టుంది, మిగతా అంతా నార్మల్ అని రాశారు. ఆ రెండుసార్లూ నేను ఆమె మీద మండిపడ్డాను. కారణం చెప్తాను.

పొత్తికడుపు సోనోగ్రఫీకి మేము ఫుల్ బ్లాడర్ అడుగుతాం. అంటే మూత్రాశయం నిండుగా ఉండాలి. అది నిండి ఉంటేనే దాని వెనక ఉన్న గర్భసంచి తెర మీద స్పష్టంగా కనిపిస్తుంది. అందుకని వచ్చేవాళ్ళను ఐదారు గ్లాసుల నీళ్ళు తాగి, ఆపుకుని రమ్మంటాం. బాలమణి రెండుసార్లూ చుక్క నీళ్ళు తాగకుండా వచ్చింది. బెంచీ మీద కూర్చుని తాగమంటే గ్లాసు పట్టుకుని అర గంటకు రెండు గుటకలు వేసింది. వెనక క్యూ పెరిగిపోతుంటే మేడమ్ విసుక్కుని కనిపించినంత చూసి పంపేసింది. ఆ విసుగంతా నేను బాలమణి మీద కక్కాను.

ఎందుకు తాగదో నాకు తెలుసనుకున్నాను. మా చాళ్ళలో పుట్టిన ఏ ఆడదాన్ని అడిగినా చెప్తుంది. వరండా ఈ చివర నుంచి ఆ చివర దాకా ఇరవై గదులుంటే, మూలకు సండాసులు, అంటే మరుగుదొడ్లు, మూడు. డబ్బా పట్టుకుని మగవాళ్ళ మధ్య లైన్లో నిలబడాలి. ఇక కూలి సైటు మీదైతే ఆ మూడూ ఉండవు. అందుకని మా ఆడవాళ్ళు దాహాన్ని చంపుకోవడం చిన్నప్పుడే నేర్చుకుంటారు. నేనూ అలా పెరిగినదాన్నే.

మూడోసారి, ఆ వానల్లో వచ్చినప్పుడు, బాలమణి చేతిలో ఒక చీటీ ఉంది. ఎవరో చెప్తే ఒక నర్సింగ్ హోమ్‌కి వెళ్ళిందట. వాళ్ళు మా పాత రిపోర్టు చూసి, ఈ నొప్పికి మూలం గర్భసంచే, తీసేద్దాం అన్నారు. గురువారం ఆపరేషన్. దానికి ముందు కొత్త సోనోగ్రఫీ కావాలి.

"పిల్లలెందరే?" అని ఫారం నింపుతూ అడిగాను.

"ఒక్క బిడ్డ అక్కా. ఏడేండ్లు. ఇంకోటి గావాలనుండె. ఇగ గాదు గద." మళ్ళీ తనే అంది. "మా అమ్మకు తీసిండ్రు, మా వదినకు తీసిండ్రు. మా ఊర్లె నా ఈడోళ్ళకు శాన మందికి తీసిండ్రు. నాకు గూడ తీస్తే నొప్పి పోతదంటున్నరు. పోతదా అక్కా?"

పోతుందనీ పోదనీ చెప్పడం నా స్థాయి మాట కాదు. "డాక్టర్లు చెప్పినంక పోదా" అన్నాను. ఆ తర్వాత నీళ్ళు తాగొచ్చావా అని అడిగాను. లేదంది. నాకు ఒళ్ళు మండింది.

"ఆపరేషన్ పెట్టుకుని గూడ తాగి రాలేవా? నువ్వు తాగకుంటె మేము ఏం జూడాలె?"

"నీళ్ళు వద్దక్కా. నాకు..."

"నాకు తెలుసు. సండాస్‌కి పోవాలనే గద నీ బాధ? మాకు లోపల మంచిదుంది, గొళ్ళెం గూడ ఉంది. కూసో, తాగు."

ఆమె నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది. నేను ఫిల్టరు దగ్గర నిలబడి ఒక్కో గ్లాసూ నింపి ఇచ్చాను. ఆమె కళ్ళు మూసుకుని మందు తాగినట్టు తాగింది. ఆరు గ్లాసులు పూర్తయ్యేసరికి పెద్ద పంతం నెగ్గినట్టు వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.

గంట కూడా కాలేదు. బెంచీ మీద నుంచి మూలుగు వినిపించింది. చూస్తే బాలమణి రెండు చేతులతో ఎడమ డొక్క పట్టుకుని మోకాళ్ళ మీదికి వంగిపోయింది. ముఖమంతా చెమట. పక్కనున్న ముసలామె లేచి చోటిచ్చింది. నేను తాగించిన నీళ్ళకే ఈమెకేదో అయిందనుకున్నాను. వెంట వచ్చిన చెన్నయ్యా నేనూ చెరో రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయాం. లైన్లో ఉన్న వాళ్ళు ఒక్కరూ మా వంతు అనలేదు.

మేడమ్ ప్రోబ్ పెట్టింది. ప్రోబ్ అంటే పొట్ట మీద తిప్పే చేతి పరికరం. గర్భసంచి చూసి ముందుకు పోయింది. ఎడమ డొక్క దగ్గర ఆగిపోయింది. తెర మీద కిడ్నీ నడుమ నల్లటి నీటి సంచి ఒకటి ఉబ్బి ఉంది. అది ఉండకూడనిదని చూడగానే నాకు కూడా తెలిసింది.

"బ్లాడర్ మరీ నిండితే కిడ్నీ కొంచెం ఉబ్బడం మామూలే. మూత్రానికి తీసుకెళ్ళి తీసుకురా, తాయీ" అంది మేడమ్.

తీసుకెళ్ళాను, తీసుకొచ్చాను. బ్లాడర్ ఖాళీ అయింది. కిడ్నీ ఉబ్బు అలాగే ఉంది, నొప్పీ అలాగే ఉంది. మేడమ్ పాత రిపోర్టులు రెండూ తెప్పించింది. రెండింట్లోనూ ఎడమ కిడ్నీ నార్మల్. రెండూ ఆవిడ చూసినవే. ఆవిడ వాటిని పక్కపక్కన పరిచి మళ్ళీ చదివింది. తర్వాత, "ఈ నొప్పి ఎప్పుడెప్పుడు వస్తుందో అడుగు" అంది.

అడిగాను. బాలమణి పళ్ళు బిగబట్టి చెప్పింది.

"నీళ్ళు తాగితే లేస్తదక్కా. ఒక్కపారి ఎక్కువ తాగితే లేస్తది. గందుకే నేను గుటక గుటక తాగుత. ఎండల పని జేసొచ్చి ఎన్నడన్న ఆగలేక చెంబెడు తాగిన్ననుకో, ఇగ ఆ దినం నా పని ఖతం."

"మరి ఇన్ని రోజులు చెప్పలేదేంది?"

"ఎవ్వలడిగిండ్రు? నొప్పి యాడ, ఎన్ని దినాల సంది, ఏం తిన్నవు అనడిగిండ్రు. తాగేది ఎవ్వలడగలే. ఇయ్యాల నీకు జెప్పబోయిన. నువ్వు నాకు తెలుసు అన్నవు."

ఆమె నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట అన్నట్టే అంది. నాకు తల కొట్టేసినట్టయింది. పేషెంటు తన జబ్బు గుట్టు నాలుక చివర పెట్టుకుని మూడుసార్లు నా ముందు కూర్చుంటే, మావాళ్ళ సంగతి నాకు తెలుసని నేను ఆ నోరే మూయించాను. పరాయి సిస్టరైతే, సండాసుల సంగతి ఎరగని మనిషైతే, ఎందుకు తాగవు అని అడిగి ఉండేది.

రెండు గంటలకు నొప్పి తగ్గింది. మర్నాడు ఖాళీ కడుపుతో రప్పించి మేడమ్ మళ్ళీ చూసింది. కిడ్నీ ఉబ్బు దాదాపు పోయింది. దీన్ని పీయూజే అబ్‌స్ట్రక్షన్ అంటారని చెప్పింది. కిడ్నీ నుంచి మూత్రం గొట్టంలోకి దిగే మూల ఇరుగ్గా ఉంటుంది. కొంచెం కొంచెం వస్తే దిగిపోతుంది. ఒకేసారి ఎక్కువ వస్తే దారి చాలక కిడ్నీ ఉబ్బి నొప్పి పుడుతుంది. నొప్పి లేనప్పుడు, అదీ నీళ్ళు తాగకుండా చూస్తే ఏమీ కనిపించకపోవచ్చు. నేను తెలుగులో చెప్తుంటే బాలమణి సగంలోనే అందుకుంది.

"మా ఖోలీల మోరీ లెక్కనా? చెంబుతోని పోస్తె పోతది, బకెట్ గుమ్మరిస్తె ఇల్లంత నిండుతది."

గది మూల నీళ్ళు పోయే తూమునే మా చాళ్ళలో మోరీ అంటాం. ఆ మాట మేడమ్‌కి మరాఠీలో చెప్తే ఆవిడ నవ్వింది. మూడేళ్ళ నొప్పికి పేరు దొరికిన రోజున ఆ గదిలో ముగ్గురం నవ్వాం. గడప దగ్గర నిలబడ్డ చెన్నయ్య మాత్రం, "అయితే సంచి తీసేది లేదు గద మేడమ్?" అని రెండుసార్లు అడిగాడు. మేడమ్ అప్పుడే నర్సింగ్ హోమ్ డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన మర్యాదగా విని గురువారం ఆపరేషన్ రద్దు చేశాడు. ఆయన్ను అనడానికి నాకు నోరు లేదు. ఆయన నమ్ముకున్నది మేము రాసిచ్చిన రిపోర్టునే.

తర్వాత పెద్దాసుపత్రిలో డీటీపీఏ స్కాన్ చేశారు. నరంలోకి ఒక మందు ఎక్కించి ఏ కిడ్నీ ఎంత పనిచేస్తోందో చూసే పరీక్ష అది. ఎడమది కొంత దెబ్బతిన్నా బాగానే పనిచేస్తోందన్నారు. ఇరుగ్గా ఉన్న ముక్క కోసి తీసి మళ్ళీ అతికే ఆపరేషన్, పైలోప్లాస్టీ, చిన్న రంధ్రాల గుండానే చేశారు. లోపల పెట్టిన సన్నటి గొట్టాన్ని నెలన్నరకు తీసేశారు. అది తీసిన వారం బాలమణి మా సెంటర్‌కి వచ్చి, ఏ చీటీ లేకుండా బెంచీ మీద కూర్చుంది. "ఊకెనే వచ్చిన అక్కా, మస్తుగున్న" అంది. ఆ రోజంతా నేను ఎవరి మీదా అరవలేదని మేడమ్ ఆశ్చర్యపోయింది.

ఏడాది గడిచాక ఒకరోజు బాలమణి తన చెల్లెలు యాదమ్మను వెంటబెట్టుకొచ్చింది. ఊళ్ళో ఆమెకూ కడుపునొప్పేనట. అక్కడ ఆమెకూ గర్భసంచి తీసేద్దామన్నారట. బాలమణి ఫోన్లో వద్దని చెప్పి, బస్సెక్కించి బొంబాయికి రప్పించింది. నేను ఫారం తీసి, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళుగా అని మొదలుపెట్టబోయాను. బాలమణి నా చెయ్యి మీద చెయ్యి వేసి ఆపింది. చెల్లెలి వైపు తిరిగింది.

"గీ నొప్పి షురువైనంక నువ్వు ఏం మానుకున్నవే?"

యాదమ్మ తల వంచుకుంది. అక్క ఊరుకుంది. నేనూ ఊరుకున్నాను. కాసేపటికి సిగ్గుపడుతూ చెప్పింది. "మాంసం మానుకున్న. నూనెది ఏది తిన్నా లేస్తది. పెండ్లిళ్ళకు పోతె ఉత్త మజ్జిగన్నం తిని వస్త. ఇంట్ల ఎవ్వలకు తెల్వదు."

లోపలికి వెళ్ళి ఆ మాట మేడమ్‌కి చెప్పాను. ఆవిడ ముందుగా గాల్‌బ్లాడర్ చూసింది. పిత్తాశయంలో రాళ్ళున్నాయి. గర్భసంచికి ఏ రోగమూ లేదు.

ఇన్నేళ్ళూ వేలమందిని ఆ బల్ల మీద పడుకోబెట్టినా నాకు తట్టని ప్రశ్న అది. నొప్పి ఉన్న మనిషి దాని చుట్టూ తన రోజును మెల్లగా సర్దుకుంటుంది. ఏది మానేస్తే బతకొచ్చో కనిపెట్టి మానేస్తుంది. మానేసినదాన్ని జబ్బులో లెక్కవేయదు కాబట్టి తనంతట తాను చెప్పదు. మా ఫారంలో దానికి గడి లేదు, పేరు పక్కన ఖాళీలో రాస్తాను. ఇప్పుడు బెంచీ మీద ఎవరు కూర్చున్నా, నా గల్లీ మనిషైతే మరీ, పేరు రాసుకోగానే ఏం మానుకున్నావని అడుగుతాను. అడిగి, నోరు మూసుకుని కూర్చుంటాను. నాకు అదే కష్టమైన పని.