మా ముక్కులు పాస్ చేసిన సీల్

2016 ఏప్రిల్‌లో కంపెనీ నన్ను మస్కట్‌కు పంపింది. పాశమైలారంలో మందుల ముడిసరుకు చేసే ఫ్యాక్టరీలో అప్పుడు నేను మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని. ఐటీఐ ఫిట్టర్‌గా చేరి ఆ హోదాకు వచ్చాను. వెంట వచ్చింది సీనియర్ ఫిట్టర్ జబ్బార్ భాయ్, సదాశివపేట మనిషి.

మస్కట్ శివార్లలోని మా కొత్త యూనిట్‌లో ఒక రియాక్టర్ ఆగిపోయింది. రియాక్టర్ అంటే రసాయనాలు కలిపి వండే పెద్ద పాత్ర. లోపల కలియబెట్టే షాఫ్ట్ పాత్రలోకి దిగే చోట, ఆవిరి బయటికి పోకుండా మెకానికల్ సీల్ ఉంటుంది. చెడింది అదే. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. పాశమైలారంలోని మా బ్లాకులో ఖాళీగా ఉన్న రియాక్టర్ సీల్ విప్పి, కడిగి, వాసన లేదని తేల్చి, పాలిథిన్‌లో చుట్టి మాకిచ్చారు. మేం మస్కట్‌లో దిగిన మర్నాడు పొద్దున కొనుగోలుదారుల మనుషులు వచ్చి రియాక్టర్ నడక చూస్తారు. నడవకపోతే ఆర్డర్ వేరేవాళ్లకు పోతుంది. అంటే దిగిన రోజు సాయంత్రానికల్లా బిగించాలి.

ఆ నగరం గురించి సంగారెడ్డి గ్రంథాలయంలో దొరికినదంతా చదివే బయలుదేరాను. కొండలు ఎటు, రేవు ఎటు అని విమానంలో వివరిస్తుంటే జబ్బార్ భాయ్ అడ్డం వచ్చాడు. “దిగినంక టాక్సీ ఎక్కడ దొర్కుతదో రాసిండా నీ పుస్తకంల?”

కస్టమ్స్ దగ్గర అధికారి మా పెట్టె తెరిచి వెంటనే తల వెనక్కి తీసుకున్నాడు. ఇంకొకరిని పిలిచాడు. ఇద్దరూ అరబ్బీలో మాట్లాడుకుంటూ మమ్మల్ని ఎగాదిగా చూశారు. కంపెనీ ఉత్తరం, సీల్ డ్రాయింగ్ చూపించాక పెట్టె మూసుకొమ్మని సైగ చేశారు. వాళ్లెందుకు మొహం చిట్లించారో మాకు తెలియలేదు. ఇంటామె కట్టిచ్చిన ఎల్లిపాయ కారం పనేనని జబ్బార్ భాయ్ తేల్చేశాడు.

టాక్సీ నడిపే పెద్దాయన ఒమానీ. తెల్లటి పొడుగు చొక్కా, కుట్టుపని టోపీ. వచ్చీరాని హిందీ మాట్లాడాడు. హైవే ఎక్కిన కాసేపటికే అద్దాలు దించాడు. ఇంకాస్త దూరం పోయాక బండి పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, గ్యాస్ లీకవుతోంది దిగమన్నాడు. బానెట్ ఎత్తి చూసి, వెనక డిక్కీ తెరిచి, దూరంగా జరిగి ఫోన్ తీశాడు. పోలీసు అన్న మాట మాకు అర్థమైంది. పోలీసులు వస్తే పెట్టె వాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

నేను డిక్కీలో తలపెట్టి పీల్చాను. ఏమీ లేదు. జబ్బార్ భాయ్ పీల్చాడు. ఆయనకూ ఏమీ లేదు. అప్పుడు తట్టింది. మా బ్లాకులో వాడే రసాయనం, వంట గ్యాస్ లీకైతే తెలియడానికి అందులో కలిపే వాసన పదార్థం ఒకే జాతివి. రోజూ పీల్చే వాసనను ముక్కు పట్టించుకోదని గ్రంథాలయంలోనే చదివాను. పటాన్‌చెరు బస్సులో మా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగా ఎందుకుండేదో కూడా అప్పుడే తెలిసింది.

“భాయ్, మన ముక్కులు పనికిరావు. మన సామాను ఆయననే వాసన సూడమనాలె.”

“పోలీసుకు ఫోన్ పట్టుకున్నోణ్ని మన బూట్లు వాసన సూడమందమా? బాగుంది నీ సదువు.”

అయినా ఆయనే వెళ్లి, చాచా అంటూ దక్కనీ ఉర్దూలో బతిమాలాడు. నేను సామానంతా రోడ్డు పక్కన విడివిడిగా పరిచాను. పెద్దాయన ఒక్కొక్కటే వంగి చూశాడు. బూట్లు కాదు. పానాలు కాదు. ఎల్లిపాయ కారం దగ్గర ఆగి, తిండే కదా అన్నాడు. సీల్ దగ్గర మొహం తిప్పేసుకున్నాడు.

గ్యాస్ కాదని తేలాక ఆయన ఫోన్ జేబులో పెట్టాడు. మాకు మాత్రం అసలు చిక్కు అప్పుడే మొదలైంది: సీల్‌లో మిగిలిన రసాయనం అక్కడ తయారయ్యే మందులోకి దిగుతుంది.

“నర్సింలు, జెర ఇను,” అన్నాడు జబ్బార్ భాయ్ గొంతు తగ్గించి. “ఎవ్వరికి చెప్పకు. బిగిద్దాం. ఆర్డర్ పోతే ఇంటికాడ మనిద్దర్నే అంటరు. వాసనదేముంది, నాలుగు రోజులైతే ఈళ్లకు గూడ అలవాటైతది.”

“మందు తాగెటోనికి కాదు కద, భాయ్.”

ఆయన పరిచిన సామాను మళ్లీ సర్దసాగాడు. పాశమైలారంలోని మేనేజర్‌కు ఫోన్ చేశాను. ముగ్గురు చూసి వాసన లేదన్నారని ఆయన గట్టిగా చెప్పాడు. ఆ ముగ్గురూ ఆ బ్లాకువాళ్లేనని గుర్తుచేశాను. ఏం చేస్తారో చేయండి, రేపు మాత్రం రియాక్టర్ తిరగాలన్నాడు.

సీల్‌లో వాసన పీల్చుకునేవి రబ్బరు రింగులు. ఉక్కు భాగాలకు అంటింది కడిగితే పోతుంది. పెద్దాయన అద్దాలన్నీ దించి మమ్మల్ని ఊళ్లో రువీ బజారుకు తీసుకెళ్లాడు. అదే కొలత రింగులు, బ్లీచింగ్ ద్రావణం కొన్నాం. దుకాణం వెనక నల్లా దగ్గర సీల్ విప్పి, పాత రింగులు తీసేసి, మిగతా భాగాలు బ్లీచ్ నీళ్లలో నానబెట్టి కడిగాం. పెద్దాయన వాసన చూసి తల అడ్డంగా ఊపాడు. మళ్లీ నానబెట్టాం. రెండోసారి, ఇప్పుడు బ్లీచ్ వాసన తప్ప ఏమీ లేదన్నాడు. అది కూడా పోయేదాకా కడిగి యూనిట్‌కు వెళ్లాం. అక్కడి మేనేజర్‌కు జరిగినదంతా చెప్పి, ఆయనా వాసన చూసి సరేనన్నాకే బిగించాం. పొద్దున వచ్చినవాళ్ల ముందు రియాక్టర్ తిరిగింది.

ఫ్యాక్టరీలో ప్రెషర్ గేజ్‌ను బయటి ల్యాబ్‌కు పంపి సరిచూపిస్తాం. దాని లెక్కను దానితోనే సరిచూడలేం కనుక. తిరిగి వచ్చాక మా శుభ్రత నియమాల్లో ఒక వాక్యం చేర్పించాను: వాసన లేదని సంతకం పెట్టే మనిషి ఆ బ్లాకులో పనిచేసేవాడు కాకూడదు.