రాగి రేకు కింద సముద్రం

సముద్రపు పువ్వు ఒకటి. ఎర్రచారల రొయ్యలు మూడు. శంఖాలు వీపున మోసుకుని తిరిగే పీతలు ఐదు. నక్షత్రంలా ఉండి, అద్దానికి అంటుకుని రోజుకు జానెడు దూరం నడిచే జీవి ఒకటి. చొక్కా గుండీలంత పగడపు జీవులు ఒక రాయి నిండా; వాటిని ఎన్నడూ పూర్తిగా లెక్కపెట్టలేకపోయాను, నలభై దాటేసరికి కన్ను తప్పేది. ఇవి మొదటిసారి పోయినవి. రెండోసారి రొయ్యలు రెండు, పీతలు నాలుగు. చేపలు మాత్రం రెండుసార్లూ బతికాయి. ఆ చేపలు బతకడమే నన్ను పట్టిచ్చింది. ఎవరికీ కాదు, నాకు నేనే పట్టుబడ్డాను.

ఇవి చచ్చిన వాటి లెక్క. వీటితో పాటు ఒక మనిషిలో పోయినది ఇంకొకటుంది. దాన్ని ఏ కొలతతో కొలవాలో ఇన్నేళ్ళయినా నాకు తెలియలేదు. ఆ బరువు మోస్తూనే ఉన్నాను. ఇంట్లో చెప్పలేదు. స్నేహితులకు చెప్పలేదు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. అది కూడా పిరికితనమేనా? కావచ్చు.

మంచిర్యాలలో నాకు మోటర్ వైండింగ్ షాపు ఉండేది. చదువు పదో తరగతి దగ్గర ఆగింది. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాను. బావి మీద కాలిపోయిన మోటరు తెస్తే, పాత తీగ చూసి ఎన్ని చుట్లు పడతాయో విప్పకముందే చెప్పేవాణ్ణి. 'వాని లెక్క తప్పది' అని బజారులో పేరు. నాకున్న ఆస్తి ఆ పేరే. ఈ కథలో ముద్దాయి కూడా ఆ పేరే. కాదు, మళ్ళీ తప్పించుకుంటున్నాను. ముద్దాయిని నేనే.

మా పక్క వాటాలో సుగుణ, ఆమె భర్త ప్రకాశం ఉండేవారు. ప్రకాశానిది రైల్లో ఉత్తరాలు వేరు చేసే ఉద్యోగం, మద్రాసు దాకా పోయి వచ్చేవాడు. కూతురు కరీంనగర్‌లో హాస్టల్లో ఉండి చదువుకునేది. సుగుణ నన్ను 'అన్నా' అని పిలిచేది కాబట్టి ప్రకాశం నాకు బావ అయ్యాడు. అతను నన్ను 'ఇంజినీర్ సాబ్' అని ఎక్కిరించేవాడు. వాళ్ళది చర్చికి పోయే కుటుంబం, మాది గుడికి పోయే కుటుంబం. పండక్కి అటు నుంచి కేకు వచ్చేది, ఇటు నుంచి సకినాలు పోయేవి. తొంభైల మొదటి సంవత్సరాలు అవి. అంత మంచి ఇరుగుపొరుగు మళ్ళీ నాకు దొరకలేదు.

మద్రాసులో ఎవరింట్లోనో అద్దాల తొట్టిలో సముద్రాన్ని పెంచడం చూశాడు ప్రకాశం. ఇక అతనికి వేరే మాట లేదు. ప్రతి డ్యూటీకి ప్లాస్టిక్ డబ్బాలలో సముద్రపు నీళ్ళు తెచ్చేవాడు. తడిగుడ్డలో చుట్టిన రాళ్ళు తెచ్చేవాడు. చూడటానికి రాళ్ళే, నీళ్ళలో పెడితే వాటి నిండా ప్రాణాలు. రెండడుగుల తొట్టిని నేనే అతికించాను. కరెంటు పోతే గాలి బుడగలు ఆగిపోకుండా పాత బ్యాటరీ కలిపాను.

సందు సందంతా చూడటానికి వచ్చింది. మాలో సముద్రం చూసినవాళ్ళు ఎంతమంది? గోదావరి చూశాం, బొగ్గు గనులు చూశాం. సముద్రం మాకు పాఠం పుస్తకంలోనిదే. ఎదురింటి మల్లయ్య తాత అందరూ చూస్తుండగానే తొట్టిలో వేలు ముంచి నాకాడు.

"ఉప్పగనే ఉన్నదిరా! ప్రకాశం మోసం చెయ్యలే."

"తాతా, ఇగ తీర్థయాత్ర అయిపోయినట్టే," అంది అతని కోడలు. "ఇంటికి నడు."

తొట్టిని తెచ్చింది ప్రకాశమే అయినా, దాన్ని బతికించింది సుగుణ. ఎండిన నీటికి కొలతగా మంచినీళ్ళు కలపడం, అద్దానికి పట్టిన పాచి గీకడం, సముద్రపు పువ్వు నోటికి చిన్న రొయ్య ముక్క అందించడం, అన్నీ ఆమె చేతులతోనే. భర్త రైలు డ్యూటీ మీద ఉన్న రాత్రులలో ఆ తొట్టే ఆమెకు తోడు. ఒకనాడు గోడ మీది నుంచి అడిగింది.

"అన్నా, రాత్రిపూట అవి ఏం చేస్తయో చూడాలని ఉన్నది. టార్చి ఏస్తే అన్నీ దాక్కుంటున్నయి. జర వెన్నెల లెక్క ఒక లైటు చెయ్యరాదు?"

ఆ మాట విని నేనెంత సంతోషపడ్డానో ఇప్పుడు రాయాలంటే సిగ్గు. చిన్న ట్రాన్స్‌ఫార్మర్ నేనే చుట్టాను. టార్చి బల్బులను వరసగా కలిపాను, ఒక్కోదానికి దాని సత్తువలో సగం కూడా అందకుండా. వాటి మీద నీలం గాజుకాగితం. వెలుగు చెదరకుండా కిందికి పడాలంటే వెనక మెరిసే రేకు కావాలి. ఇనుప రేకయితే ఉప్పు గాలికి తుప్పు పడుతుంది. అల్యూమినియం పొక్కులు లేస్తుంది. మరి రాగి? రాగికి తుప్పు లేదు. మా అవ్వ బతికినన్నాళ్ళూ రాగి చెంబులో నీళ్ళే తాగింది. రాగిలో పోసిన నీళ్ళు శుద్ధి అవుతాయని నేను పుట్టినప్పటి నుంచి విన్నాను. నా బతుకే రాగి తీగ మీద నడుస్తోంది. ఇంకేం ఆలోచిస్తాను?

షాపులో వార్నిష్ ఉంది. తీగ చుట్టలకు పూసేది. రేకు మీద ఒక్క పూత వేస్తే అయిపోయేది. డబ్బా మూత తీశాను కూడా. పూస్తే మెరుపు తగ్గుతుందని మళ్ళీ మూత పెట్టాను. ఎన్నోసార్లు కలలో ఆ మూత తీసే ఉంచాను.

ఆ లైటు కింద తొట్టి ఎలా ఉండేదో మీకు చెప్పాలి. ఇది చెప్పకపోతే పోయింది ఏమిటో మీకు తెలియదు. పెద్ద లైటు ఆర్పి నా లైటు వేస్తే, ముందు ఏమీ కనపడదు. కళ్ళు అలవాటు పడ్డాక నీలం రంగు నీళ్ళలోంచి వచ్చినట్టు ఉంటుంది. పగలు ముడుచుకుని ఉన్నవి మెల్లగా విచ్చుకునేవి. రొయ్యలు మీసాలు చాపి రాళ్ళ మీదికి వచ్చేవి. సుగుణ పీట వేసుకుని, గడ్డం కింద చేయి పెట్టుకుని చూసేది. చిన్నగా చర్చి పాట ఏదో కూనిరాగం తీసేది. "అన్నా, మా ఇంట్ల చంద్రుణ్ణి కట్టేసినవ్," అంది మా ఆవిడ ముందు. ఆ మాట నాకు చాలా రోజులు సరిపోయింది.

తర్వాత ఒక్కొక్కటే పోవడం మొదలైంది. ముందు నక్షత్రం. తర్వాత రొయ్యలు. పీతలు శంఖాలు వదిలేసి బయటపడి చచ్చాయి. పువ్వు ముడుచుకుంది, మళ్ళీ విచ్చుకోలేదు. చేపలు రెండూ మాత్రం ఎప్పటిలా తిరుగుతూనే ఉన్నాయి. ప్రకాశం డ్యూటీ నుంచి వచ్చి తొట్టి వాసన చూశాడు. "ఏందే, గిన్నెలు తోమిన చేతులు గిట్ల పెట్టినవా?" అన్నాడు నవ్వుతూ. ఊరికే అన్నాడు. ఆమె నవ్వలేదు.

బల్బు పోయిందని చెప్పి లైటు విప్పుకుని వచ్చాను. అనుమానం ఉండేనా అప్పటికే? ఉండే. షాపులో తిప్పి చూశాను. బుడగలు చిట్లినప్పుడు లేచే ఉప్పు తుంపర రేకు అంచున పేరుకుని ఉంది. ఆకుపచ్చగా ఉంది. ఆ పచ్చదనం కారి తొట్టిలో పడిన జాడ కూడా ఉంది. మైలుతుత్తం ఏమిటో మా వైపు రైతులందరికీ తెలుసు. అదీ రాగి నుంచి పుట్టిందే. నీళ్ళలో వేస్తే ముందు నత్తలు చస్తాయి, చేపలు కొంత ఓర్చుకుంటాయి. తొట్టిలో ఏది ముందు చచ్చింది, ఏది బతికింది? లెక్క సరిపోయింది. నా జీవితంలో సరిపోయినందుకు ఏడుపు వచ్చిన లెక్క అదొక్కటే.

ఏం చేశానంటే, చింతపండు తెచ్చి ఆ రేకును తోమాను. ఇంట్లో రాగి బిందె తోమినట్టు. తళతళ మెరిసింది. అలమారాలో పెట్టేశాను. లైటు తీసేశాను కదా, ఇక కొత్త నీళ్ళు వస్తే అన్నీ బతుకుతాయి, ఎవరికీ ఏమీ తెలియకుండానే తప్పు సరిపోతుంది అనుకున్నాను. ప్రకాశం కొత్త నీళ్ళు తెచ్చాడు. కొత్త రొయ్యలు, కొత్త పీతలు తెచ్చాడు. రాళ్ళు మాత్రం పాతవే. రాగి ఆ రాళ్ళలోకి ఇంకిపోయిందని నాకు అప్పుడు తట్టలేదు. నోరు విప్పి ఉంటే ఆ రాళ్ళను పారేసేవాళ్ళు. మొదటిసారి చంపింది నా తెలియనితనం. రెండోసారి చంపింది నా మౌనం.

అవి కూడా పోయాక సుగుణ షాపుకు వచ్చింది. అంతకుముందు ఎన్నడూ షాపుకు రాలేదు. పనివాడు భోజనానికి పోయాడు. నేను తీగ చుడుతున్నాను.

"అన్నా, ఒక్కటి అడుగుత. అబద్ధం చెప్పొద్దు."

"అడుగు చెల్లె."

"నా చేతులతోనే సచ్చినయా అవి?"

నేను చుట్లు లెక్కపెడుతున్నట్టు తల వంచుకున్నాను.

"మీ బావ ఏమంటలేడు. కని నాకు తెల్వద్దా? బాసన్లు తోమినంక మంచిగనే కడుక్కుంట. ఎక్కడనో జర సబ్బు మిగులుతుందేమో. నువ్వు లెక్క తెలిసినోనివి, నువ్వే చూడు. నీ లైటు ఉన్నప్పుడు సచ్చినయి, తీసినంక గూడ సచ్చినయి. నీళ్ళు కొత్తయి తెచ్చిండు, అప్పుడు గూడ సచ్చినయి. ఇగ మారంది నా చేతులే గద?"

అంతకన్నా తిన్నని లెక్క నేను ఎవరి నోటా వినలేదు. ఒక్క అంకె ఆమె దగ్గర లేదు. అది నా వెనక అలమారాలో, చింతపండుతో తోమి, మెరుస్తూ ఉంది.

చెప్పడానికి నోరు తెరిచాను. నిజంగా తెరిచాను. అప్పుడు నాకు ఏం కనపడిందో తెలుసా? ఆమె ముఖం కాదు. ప్రకాశం నవ్వుతూ 'ఏంది ఇంజినీర్ సాబ్, రాగి పెట్టి సంపినవా' అనడం, అది సందులో తిరగడం, బజారుకు చేరడం.

"సబ్బు చెడ్డదే చెల్లె," అన్నాను. "జర్రంత ఉన్నా చాలు."

ఆమె తన చేతులను చూసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసుకుంది.

"అట్లనా," అంది. "మంచిగ చెప్పినవ్. నువ్వు చెప్తె తప్పది."

వెళ్ళిపోయింది. నేను చుట్టిన తీగలో లెక్క తప్పింది. మొత్తం విప్పి మళ్ళీ చుట్టాను.

చిక్కుడు గింజ నాటాలంటే సందులో ఆడవాళ్ళు సుగుణనే పిలిచేవారు, ఆమె చెయ్యి మంచిదని. ఆ వానాకాలం పిలిస్తే రాలేదు. వద్దంది. తొట్టి ఖాళీ అయింది. రెండు చేపలను ప్రకాశం మద్రాసులో ఎవరికో ఇచ్చేశాడు. తర్వాత బదిలీ అయి కాగజ్‌నగర్ పోయారు.

కొన్నేళ్ళకు, చెప్పేద్దామనే కాగజ్‌నగర్ పోయాను. రైల్లో మాటలు కూర్చుకున్నాను. వాళ్ళింట్లో కూతురు పురిటికి వచ్చి ఉంది. ఎవరో ముసలామె కాళ్ళ మీద పడుకోబెట్టుకుని పసిపాపకు నీళ్ళు పోస్తోంది. సుగుణ తువ్వాలు పట్టుకుని దూరంగా నిలబడింది.

"అమ్మమ్మవు నువ్వుండగా వేరేటోళ్ళు పోస్తున్నరేంది చెల్లె?" అన్నాను, సరదాగా.

"నాది చెయ్యి మంచిది కాదు గద అన్నా," అంది. "నీకు తెల్వదా?"

దెప్పడానికి అనలేదు. మా ఇద్దరికీ తెలిసిన సంగతి కదా అన్నట్టు అంది. నన్ను సాక్షిగా పిలిచినట్టు అంది. పాప ఏడుస్తోంది. ప్రకాశం లోపలి నుంచి "ఇంజినీర్ సాబ్ వచ్చిండా?" అని కేక వేశాడు. అప్పుడైనా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదు? బజారు లేదు, సందు లేదు, ప్రకాశం నవ్వినా ఆ నవ్వును మోసుకుపోయేవాళ్ళు లేరు. ఇన్నేళ్ళు ఎందుకు దాచావని అడుగుతుందేమోనని భయపడ్డాను. తప్పుకు భయపడి ఒక అబద్ధం, అబద్ధానికి భయపడి ఒక మౌనం. టీ తాగి, పాప చేతిలో ఏదో పెట్టి, సాయంత్రం రైలుకు వచ్చేశాను.

ఇప్పుడు మీకు చెప్పాను. గుండె కొంచెం తేలికైన మాట నిజం. కానీ తేలిక కావలసింది నా గుండె కాదు కదా. మీరు క్షమించినా అది చెల్లదు, మీరు క్షమించవలసిన వాళ్ళు కారు. ఆమె దగ్గర చెప్పవలసింది పెద్ద కథ కూడా కాదు. నీ చేతులు కాదు చెల్లె, నా రాగి.

లెక్కపెట్టి చూశాను. ఆరు మాటలు. ఈ రోజుకూ ఆరూ బాకీ.