ఎదుటి వరస గొంతు

మిషనమ్మకి కాలూ నోరూ ఒకే బెల్టు మీద తిరుగుతాయని ఆమె మొగుడు అంటాడు. కిటికీ పక్కన కుట్టుమిషను తొక్కుతున్నంతసేపూ ఎవరో ఒకరితో మాట్లాడుతూనే ఉంటుంది.

అలాంటి మనిషి తోడికోడలితో రెండేళ్లుగా మాట మానేసింది. కారణం ఒక జాకెట్టు. ఇంట్లోనే కుట్టే మనిషి ఉండగా తోడికోడలు తన గుడ్డ తీసుకెళ్లి వీధి చివరి దర్జీకి ఇచ్చింది.

"పొరుగింటి పుల్లకూర రుచి మరి," అంది మిషనమ్మ.

"రుచి సంగతేమో గానీ, చంకల దగ్గర పిగలడం లేదు," అంది తోడికోడలు.

అంతే. ముందు గది ఒకరిది, వెనక గది ఒకరిది. చెప్పుకోవాల్సినవన్నీ మధ్యలో మరిది మోసేవాడు.

ఆదివారం మాత్రం తప్పించుకునే వీల్లేదు. వాళ్ల చర్చిలో కీర్తన చదవడానికి ఒక పద్ధతుంది. కుడి వరస ఒక వచనం చదివితే ఎడమ వరస తర్వాతిది అందుకుంటుంది. వేల ఏళ్ల కిందట హీబ్రూలో పుట్టిన ఈ పాటల్ని యూదులూ తమ మందిరాల్లో ఇలా వంతులవారీగా చదువుకుంటారని పాస్టరుగారు చెబుతుంటారు. ఒక వరసకి మిషనమ్మ పెద్ద గొంతు, రెండో వరసకి తోడికోడలు. ఇంట్లో లేని మాటలు అక్కడ దేవుడి ఎదుట నడిచేవి.

ఆ పాత కవులకి మొహమాటం లేదు. పగవాడి మీద ఒళ్లు మండితే నేరుగా దేవుడికే పితూరీ చెప్పారు. ఇది మిషనమ్మకి మహా నచ్చింది. శత్రువుల్ని శపించే వచనం ఎవరి వంతుకొస్తుందో శనివారమే చూసిపెట్టుకునేది. ఎదుటి వరసకి వస్తే, ఈ పక్క ఫ్యాను గాలి తగలడం లేదంటూ తనే అటు మారేది. ఇటూ ఒక పెద్ద గొంతు ఉండాలి గనక తోడికోడలు ఇటు వచ్చేది. శాపం దగ్గర మిషనమ్మ చూపు పుస్తకం మీద నిలిచేది కాదు. తోడికోడలూ తక్కువ తినలేదు. అబద్ధాలాడే నోటి గురించి ఏమొచ్చినా నమిలి నమిలి చదివేది. పాస్టరుగారు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గేవారు.

ఒక ఆదివారం చదువుకి ముందు ఆయన తోడికోడలి వైపు చూసి ఒక మాట చెప్పారు. "రేపు మన చెల్లెమ్మకి మెడ దగ్గర గడ్డకి ఆపరేషను. మాట పోయే ప్రమాదం కొంచెం ఉందన్నారట. అందరూ ప్రార్థన చేయండి."

వదినకి చెప్పొద్దని మరిది చేత పెళ్లాం ముందే ఒట్టు వేయించుకుంది; పాస్టరుగారికి ఆ సంగతి తెలియదు. అన్ని వారాల తిట్లనీ దేవుడు నిజమే అనుకున్నాడేమోనని మిషనమ్మకి భయమేసింది.

చదువు మొదలై, శాపం వచనం రానే వచ్చింది. కోరి తెచ్చుకున్న వంతు. మిషనమ్మ పుస్తకం మూసేసింది. ఆమె ఎత్తుకోనిదే ఆ వరసలో ఇంకెవరూ ఎత్తుకోరు. చర్చి మొత్తం ఆగిపోయింది.

"అక్కా, నీ వంతు," అంది ఎదుటి వరసలోంచి తోడికోడలు.

"నేను చదవను. ముందు ఆ గొంతు బాగుచేయించుకుని రా. తిరిగి అనేవాళ్లు లేకపోతే నేనెవర్ని అనాలి?"

తోడికోడలు నవ్వబోయి ఏడ్చేసింది. మిషనమ్మ వరస దాటి వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

మర్నాడు ఆపరేషను గది తలుపు దాకా ఆమె చెయ్యి వదల్లేదు. సాయంత్రం తోడికోడలు కళ్లు తెరిచేసరికి మంచం పక్కన మిషనమ్మే ఉంది.

"ఒక్కసారి నన్ను తిట్టవే," అని బతిమాలింది.

తోడికోడలు తిట్టింది. గొంతు బొంగురుగానే ఉంది గానీ, వార్డంతా వినపడింది.