తీసేయించుకోవచ్చు

డాక్టరమ్మ అన్న మాట "తీసేయించుకోవచ్చు".

ఆ గదిలో అప్పుడు ముగ్గురే ఉన్నారు. డాక్టరమ్మ, ఆమె, ఆమె భర్త. స్కానింగు కాగితం బల్ల మీద ఉంది. గర్భసంచిలో రెండు గడ్డలు. పెద్దది ఏడు సెంటీమీటర్లు. చిన్నది రెండు. చూడటానికి కాన్సరులా లేవని, చాలామంది ఆడవాళ్లకు ఉండేవేనని డాక్టరమ్మ చెప్పింది. నెలసరి ఎలా ఉంటోందని అడిగింది.

"మామూలేనండీ."

"నొప్పి?"

"ఏం లేదండీ."

వయసు నలభై నాలుగు. ఒక్కతే కూతురు, హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. తల ఎత్తకుండానే అంది: "ఇంక పిల్లలు వద్దనుకుంటే సంచి తీసేయించుకోవచ్చు." బయట బెంచీల మీద ఇంకా పదిహేను మంది ఉన్నారు.

మెట్లు దిగేలోపే ఆ మాట మారింది. భర్త ఫోనులో తన అక్కతో చెబుతున్నాడు: "తీసేయాలట." సాయంత్రం ఆ అక్క ఎవరికో చెబుతుంటే ఈమెకు వినిపించింది: "తీయకపోతే లాభం లేదట." మర్నాడు పక్కింటామె వచ్చి చెయ్యి పట్టుకుంది: "ఇంకొన్నాళ్లు ఆగితే చేయి దాటిపోయేదట కదమ్మా!"

మొదట మాట చివర మాత్రమే మారింది. ఆమె గమనించింది. ఎవరినీ దిద్దలేదు. ఈలోగా రక్తపరీక్ష అయింది. గురువారం ఆపరేషను అని తేదీ ఇచ్చారు.

ఆ రోజు సోమవారం.

ఆమె సంచులు కుడుతుంది. భుజానికి తగిలించుకునేవి, పనిముట్లు పెట్టుకునేవి, పిల్లలు బడికి తీసుకెళ్లేవి. రేకుల షెడ్డులో పదకొండు మిషన్లున్నాయి. కిటికీ పక్కది ఆమెది. సంచికి మూడు పొరలు. పైన కాన్వాసు, మధ్యలో ఫోము, లోపల జారుడు గుడ్డ. ఆ లోపలి గుడ్డ వేయడం ఇరవై ఏళ్లుగా ఆమె పని. షెడ్డులో అందరికీ ఆమె లైనింగక్క. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది.

గురువారం సంగతి షెడ్డంతా తెలిసింది.

"లైనింగక్కా, ఆ సంచి తీసేశాక ఓనరు ఇక్కడి నుంచి ఒకటి ఇస్తాడంటావా?" అంది జిప్పులు వేసే ఆమె.

"జిప్పున్నది ఇమ్మనక్కా. ఈసారి గడ్డొస్తే తీసి అవతల పారేయొచ్చు" అంది ఇంకొకామె.

అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మిషను మీద దారం తెగింది. ఎక్కించబోతే సూది కన్ను చాలాసేపు దొరకలేదు.

కత్తెరమ్మ నవ్వలేదు. గుడ్డ కత్తిరించే మనిషి. అరవై దాటింది. తుంటి దగ్గర ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. మధ్యాహ్నం డబ్బా తెచ్చుకుని లైనింగక్క పక్కన కూర్చుంది.

"ఏం బాధ ఉందని తీయించుకుంటున్నావే?"

"బాధేం లేదు పిన్నీ."

"లేకపోతే ఎందుకు?"

"గడ్డలున్నాయన్నారు కదా."

కత్తెరమ్మ కాసేపు తింటూ ఉంది. "నాకూ సంచే అన్నారు. ముప్పై ఆరేళ్లు అప్పటికి. సరే అన్నాను. ఇరుపక్కలా ఉండే అండాశయాలు కూడా తీసేశారు. ఎప్పుడు తెలిసిందో చెప్పనా? ఎనిమిదేళ్ల తర్వాత, ఈ తుంటి విరిగినప్పుడు. అక్కడ డాక్టరు స్కాను చూసి, అవేవమ్మా అన్నాడు. ఏవి బాబూ అన్నాను. నా ఒంట్లోవి నన్నే అడిగాడు."

"అయితే వద్దంటావా?"

"నేను వద్దన్నానా? నీ ఒంటి సంగతి నాకేం తెలుసు? కుట్టిన సంచి బాగాలేదని తిరిగొస్తే మనమేం చేస్తాం? ఏ పొరలో తేడా వచ్చిందో చూడకుండా కత్తెర పెడతామా? అడుగు. అడిగితే నీ నోటి ముత్యాలేం రాలిపోవు." డబ్బా మూత పెట్టి, గొంతు తగ్గించింది. "ఇంకో మాట. బాధేం లేదన్నావు. నెలలో నాలుగు రోజులు నువ్వు గంటకోసారి లేస్తావు. నా బల్ల తలుపు పక్కనే."

"నీళ్లు తాగడానికి పిన్నీ."

"నీళ్లకు వెళ్లేవాళ్లు చేతిలో పొట్లం పట్టుకెళ్లరు."

ఆమెకు ముఖం వేడెక్కింది. ఆ నాలుగు రోజులూ ముదురు రంగు బట్టలే కడుతుంది. కుర్చీ మీద కాన్వాసు ముక్క నాలుగు మడతలు వేసుకుంటుంది. ఇంటి మెట్ల మధ్యలో ఆగి చెప్పు సర్దుకుంటుంది. చెప్పులో ఏమీ ఉండదు, ఆయాసం తగ్గాలి. వాళ్లమ్మా అంతే ఉండేది. బాధ అంటే కేక పెట్టించేది అని ఆమె లెక్క. కేక పెట్టించనిదంతా మామూలు కిందికే వస్తుంది.

మంగళవారం సాయంత్రం భర్త అక్క వచ్చింది. ఆస్పత్రికి సర్దడానికి. మంచం మీద బట్టలు మడతపెడుతూ హుషారుగా ఉంది.

"నేను తీయించుకుని పన్నెండేళ్లు. పీడ విరగడైంది. అంతకుముందు బతుకంతా లేచి కూర్చుని, లేచి కూర్చుని. నువ్వూ చూశావుగా."

అది నిజమే. వదిన అప్పట్లో మంచం పట్టింది. ఇప్పుడు రాయిలా ఉంది.

"వదినా, డాక్టరమ్మ తీసేయించుకోవచ్చు అంది. తీసేయించుకోవాలి అనలేదు."

"ఇప్పుడా చెప్పేది? డాక్టర్లు అలాగే అంటారు. మరి కర్ర పుచ్చుకుని చెప్తారా?"

భర్త గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కరెంటు మోటార్లకు తీగ చుట్టే మెకానిక్కు. చేతులకు ఇంకా వార్నీషు వాసన ఉంది. "వచ్చు అన్నా, వాలి అన్నా ఒకటేనే. దానికింత రాద్ధాంతం దేనికి?"

"ఒకటెలా అవుతుందండీ? మోటారు ఎల్లుండి ఇవ్వొచ్చు అని ఎవరైనా అంటే మీరు ఈ రోజే ఇచ్చేస్తారా?"

వదిన ఫక్కున నవ్వింది. అతను నవ్వలేదు.

"మోటారు కాలాక ఏం చేస్తాం? వాసన వస్తున్నప్పుడే విప్పాలి."

"నాకేం వాసన రావడం లేదు. నాకేం లేదండీ."

"ఆ మాట అనకు."

అతని గొంతు మారింది. వదిన చేతిలో మడత ఆగింది.

"మా అమ్మ కూడా ఇదే మాట. ఏం లేదురా, ఏం లేదురా. కడుపులో గడ్డ చేతికి తగిలేదాకా ఏం లేదనే అంది. తగిలాక కూడా అంది. చివరి నెల నీళ్లు దిగకపోయినా, ఏం లేదురా పడుకో అంది. నీకేదైనా అయితే నేనేం చెప్పుకుని తిరగాలి? డాక్టరమ్మ వచ్చు అంది, అందుకని ఆగాం అనా?"

పోయింది వదినకు కూడా తల్లే. ఆవిడ మడతపెట్టిన బట్టను విప్పి, మళ్లీ మడతపెట్టింది.

"రేపు వెళ్లి ఇంకోసారి అడుగుదాం. మీరూ రండి" అంది ఆమె.

"అడిగితే, తీయాల్సిందే అంటే?"

"తీయించుకుంటాను."

"అక్కర్లేదంటే?"

"అప్పుడు మీరు ఒప్పుకోవాలి."

అతను ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు.

బుధవారం మూడు గంటలు కూర్చున్నారు. పేరు పిలిచేసరికి డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకుంటోంది.

"రేపు కదా మీది? ఈ రోజెందుకొచ్చారు?"

రాత్రంతా ఆమె వరుసలో పెట్టుకున్న మాటలు ఆ గుమ్మం దగ్గరే పోయాయి. ఒక్కటి మిగిలింది.

"గడ్డలు ఏ పొరలో ఉన్నాయండీ?"

"ఏ పొర ఏమిటి?"

"నేను సంచులు కుడతానండీ. వాటికి మూడు పొరలు. ఇదీ సంచే అంటున్నారు కదా, దీనికీ ఉంటాయేమోనని."

డాక్టరమ్మ కళ్లద్దాలు పెట్టుకుంది. ఆమె వైపు చూసింది. ఫైలు లాగి స్కానింగు కాగితం తీసింది. "మూడే" అంది. ఒక చీటీ వెనక్కి తిప్పి బొమ్మ గీసింది.

"పెద్దది బయటి పొర మీద ఉంది. బయటికే పెరుగుతోంది. మీకు దానివల్ల ఇబ్బంది లేనట్టుంది. దాన్ని అలా ఉంచి ఆరు నెలలకోసారి చూసుకోవచ్చు. నెలసరి ఆగిపోయాక ఎక్కువమందిలో చిక్కిపోతుంది."

"చిన్నది?"

"అది లోపలి పొరలో. లోపలికి పొడుచుకొచ్చింది." డాక్టరమ్మ పెన్ను బొమ్మ మీదే ఆగింది. "ఇలాంటిది ఉంటే రక్తం ఎక్కువ పోతుంది. మీరేమో మామూలే అన్నారు. నేనదే రాశాను. నిజంగా మామూలేనా?"

భర్త ఆమె వైపు తిరిగాడు.

మామూలే అంటే రేపటి తేదీ తప్పిపోవచ్చు. నిజం చెబితే సంచే పోవచ్చు. ఆమెకు రెండూ తెలుసు.

"గంటకోసారి మార్చుకోవాలండీ" అంది. "నాలుగు రోజులు. రక్తం గడ్డలు గడ్డలుగా పోతుంది."

"ఎన్నాళ్లుగా?"

"మూడేళ్లు. నాలుగేమో."

"నాకు చెప్పలేదేమే?" అన్నాడు భర్త. అరవలేదు. అరిచినా బాగుండేది.

"అందరికీ అంతే అనుకున్నానండీ."

డాక్టరమ్మ ఫైల్లో రక్తపరీక్ష కాగితం వెతికింది. "హిమోగ్లోబిన్ ఎనిమిది. పన్నెండు ఉండాలి. రేపు రక్తం ఎక్కించాలని రాశాను గానీ ఎందుకింత తగ్గిందని మిమ్మల్ని అడగలేదు. అడగాల్సింది." కాగితం పక్కన పెట్టింది. "సరే. మందులతో తగ్గుతుందేమో చూడొచ్చు. లేదా కడుపు కోయకుండా కిందినుంచి సన్నటి గొట్టం పంపి ఆ చిన్న గడ్డ ఒక్కటే తీయొచ్చు. లేదా మొత్తం సంచి తీసేయొచ్చు. మొదటి రెండింటిలో మళ్లీ రావచ్చు. మూడోదాంట్లో రాదు. కానీ అది పెద్ద ఆపరేషను."

"రానిదే మేలు కదండీ" అన్నాడు భర్త.

"మేలనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. చేయించుకుని హాయిగా ఉన్నారు."

"మరి కాన్సరు?"

"చిన్నదాన్ని తీసి పరీక్షకు పంపుతాం. బయటిది కాన్సరు కావడం చాలా చాలా అరుదు."

"కాదని చెప్పండి."

"అరుదని చెప్పగలను. కాదని ఒట్టు వేయలేను."

అతను కుర్చీ చేతులు పట్టుకున్నాడు. నర్సు తలుపు తీసి తొంగిచూసి, మళ్లీ మూసింది.

ఆమె చీటీ మీది బొమ్మ చూస్తోంది. అందరూ ఏదో ఒక వైపు నెట్టారు ఇన్నాళ్లూ. ఇప్పుడు నెట్టేవాళ్లు లేరు. అదీ భయంగానే ఉంది.

"చిన్నది తీయండి" అంది. "పెద్దదాన్ని చూస్తూ ఉందాం. పెరిగితే అప్పుడు ఆలోచిస్తాను."

"రేపు కుదరదు. మూడు వారాలు ఐరన్ ఎక్కిద్దాం. రక్తం కోలుకోవాలి." డాక్టరమ్మ సొరుగులోంచి ఒక కాగితం తీసింది. "ఇది చదివి సంతకం పెట్టండి."

ఆమె వేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఆరో వరుస దగ్గర వేలు ఆగింది. అత్యవసర పరిస్థితిలో గర్భసంచి తొలగించుటకు సమ్మతిస్తున్నాను.

"ఇదేమిటండీ? తీయనన్నారు కదా?"

"రక్తం ఆగకపోతే ప్రాణం నిలపడానికి. అలా అయ్యేది నూటికి ఒక్కరికి కూడా కాదు. కానీ ఆ లైను కొట్టేస్తే నేను చేయలేను."

"అంటే మత్తులో ఉండగా..."

"అప్పుడు మిమ్మల్ని అడగడానికి ఉండదు. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను."

అడగకుండా తీసేస్తే ఎలా ఉంటుందో సోమవారం మధ్యాహ్నం కత్తెరమ్మ నోట విన్నది. ఆమె భర్త వైపు చూడలేదు. పెన్ను తీసుకుంది. ఆరో వరుస పక్కన, ఖాళీలో, చిన్న అక్షరాలతో రాసింది: ప్రాణం పోయే పరిస్థితి అయితేనే. అండాశయాలు తీయకూడదు.

డాక్టరమ్మ చదివింది. "ఇలా ఎవరూ రాయరు" అంది. కింద తన పొట్టి సంతకం పెట్టి కాగితం వెనక్కి జరిపింది.

ఆమె సంతకం పెట్టింది. దాని కింద సాక్షి అని ఒక గీత ఉంది. కాగితం భర్త ముందుకు జరిపింది.

అతను మొదటినుంచీ చదివాడు. ఆమె రాసినది రెండుసార్లు చదివాడు.

"ఇక్కడ పెడితే నేను ఒప్పుకున్నట్టా?"

"ఆవిడ సంతకం మీ ఎదుట పెట్టారని" అంది డాక్టరమ్మ.

"నేనింకా ఒప్పుకోలేదు" అన్నాడు. డాక్టరమ్మతో కాదు.

"తెలుసండీ" అంది ఆమె.

"పరీక్షకు పంపింది ఎన్నాళ్లకు తెలుస్తుందండీ?"

"పది రోజులు."

మూడు వారాలు, ఆపైన పది రోజులు. లెక్కపెడుతున్నట్టు అతని పెదవులు కదిలాయి. నర్సు మళ్లీ తలుపు తీసి ఇంకొకరి పేరు పిలిచింది. అతను పెన్ను నొక్కి సంతకం పెట్టి, ఆమెకు ముందు లేచి తలుపు పట్టుకున్నాడు.