సత్తిరాజుగారి కుర్చీ

మా ఇంటికి నాలుగు గుమ్మాలు. వీధి గుమ్మం, నట్టింటిది, వంటింటిది, పెరటిది. మా ఆయన పోయాక ఏ గుమ్మం దాటబోయినా ఆయన గొంతు వినిపించేది. నన్ను పిలిచే గొంతు కాదు. ఆఫీసు గొంతు, హిందీలో. "క్యా కామ్ హై?" అనేది, ఏం పని మీద వచ్చావని. చేతిలో వేడి గిన్నె ఉన్నా సరే, అక్కడే ఆగిపోయేదాన్ని.

ఆయన పేరు సత్తిరాజు. నోటితో ఆ పేరు అనే అలవాటు మాలో లేదు. రాయడానికి మాత్రం అంత అడ్డు అనిపించడం లేదు. వాళ్ల నాన్న విజయనగరం వైపు నుంచి రైల్వే పనికి ఈ హిందీ ఊరొచ్చి, గుఢియారీ పేటలో ఉండిపోయాడు. ఈయన ఇక్కడే పుట్టి, హిందీ బళ్లో చదివి, కొత్త రాష్ట్రం వచ్చాక సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేరారు. మొగుణ్ణి పోగొట్టుకున్న ఆడవాళ్లకి పింఛను రాసే ఆఫీసు. ఏళ్ల తరబడి కిటికీ వెనక తల వంచుకుని పని చేశారు. చెడ్డమనిషి కాదు, విసుక్కునే మనిషీ కాదు. కిటికీ అవతల ఎవరున్నారో తలెత్తి చూసే అలవాటు లేదు, అంతే.

యాభై దాటాక ఆయన్ని ట్రైనింగుకి పంపారు. ప్రభుత్వ పథకాలు ఎలా తయారు చెయ్యాలి, ఎలా అమలు చెయ్యాలి అని నేర్పే ట్రైనింగు. ఈ వయసులో పలకా బలపం పట్టుకుంటున్నానని నవ్వుకుంటూ టిఫిను డబ్బాతో వెళ్లారు. అక్కడ పూర్ణిమా మేడమ్ అని ఒకావిడ చెప్పేదట. పథకం కాగితం మీద ఎప్పుడూ బాగానే ఉంటుంది, ఒక మనిషిని అందులోంచి నడిపించి చూడండి, ఆ మనిషి ఆగిపోయిన చోటే మీ పని ఉంది, అని. ఇంట్లోవాళ్లతో ఆడి చూసి రమ్మంది.

ఆ ఆదివారం ఆయన మా నాలుగు గుమ్మాలనూ ఆఫీసులోని నాలుగు కిటికీలు చేశారు. నేను అర్జీ పట్టుకొచ్చిన మనిషిని. వంటింటి గుమ్మం అవతల పీట వేసుక్కూర్చుని "క్యా కామ్ హై?" అన్నారు. చేతికి శనగపిండి అలాగే ఉంది, నవ్వు ఆగడం లేదు. పింఛను కోసం వచ్చానయ్యా అన్నాను. ఎందుకు పింఛను అన్నారు. దానికి నేను చెప్పాల్సిన జవాబేమిటో అప్పుడు తట్టింది. నవ్వు పోయింది. ఆయన తలెత్తకుండానే, "గట్టిగా చెప్పు, వెనకాల లైనుంది" అన్నారు.

అప్పుడే పక్కింటి పైడమ్మత్త మునగాకు పట్టుకుని లోపలికి వచ్చింది. సంగతి అర్థమయ్యేసరికి ఆవిడ మొహం నల్లబడింది.

"ఏటి సత్తిబాబూ ఇది? పసుపూ కుంకం ఉన్న మనిసి సేత ఆ మాట అనిపిత్తావా? తగలెట్టు నీ ట్రైనింగు."

నీకైనా బుద్ధుండక్కర్లేదా అని నన్నూ తిట్టి, ఉప్పూ మిరపకాయలూ తెచ్చి ఇద్దరికీ దిష్టి తీసింది. ఆయన పీట మీద అలాగే ఉండిపోయారు. ఆవిడ వెళ్లాక నెమ్మదిగా అన్నారు.

"ఆటలోనే నువ్వు అనలేకపోయావు. మేం రోజూ నాలుగు కిటికీల దగ్గరా అనిపిస్తున్నాం."

ఆయన పథకం అందులోంచే పుట్టింది. హాలు మూల ఒక కుర్చీ, దానికో తెర. వచ్చినావిణ్ణి అందులో కూర్చోబెట్టి, ఒక ఆడమనిషి ఒక్కసారే అడుగుతుంది. అడిగి పచ్చ చీటీ ఇస్తుంది. అది చూశాక ఏ కిటికీలోనూ ఆ మాట మళ్లీ అడగకూడదు. పై ఆఫీసరు సరే చూద్దామన్నాడు. తోటివాళ్లు దానికి రాజుసాబ్ కుర్చీ అని పేరు పెట్టి, అత్తారింట్లో మాక్కూడా ఇంత మర్యాద లేదని వేళాకోళం చేశారట.

మేడమ్ ఇంకో మాట చెప్పింది. నువ్వు లేనప్పుడు కూడా జరిగితేనే అమలైనట్టు, అని. అందుకని ఈయన కావాలనే సెలవు పెట్టి ఇంట్లో కూర్చునేవారు. తిరిగి వెళ్లేసరికి కుర్చీ మీద ఫైళ్లు పేర్చి ఉండేవి. మళ్లీ అందరికీ చెప్పేవారు, మళ్లీ సెలవు, మళ్లీ ఫైళ్లు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి, "నేను లేకపోతే జరగదేమోనే" అనేవారు. అలాంటి మాటలు అనకండని కసిరేదాన్ని.

నడి ఎండాకాలంలో ఒకరోజు ఆఫీసు నుంచి ముందే వచ్చేశారు. గుండెల్లో మంటగా ఉందని మజ్జిగ అడిగారు. గ్లాసు పట్టుకుని వంటింటి గుమ్మం దాటి వచ్చేసరికి లేరు.

ఆ సంగతి నేను ఎవరికీ నోటితో చెప్పలేదు. ఫోన్లన్నీ పైడమ్మత్తే చేసింది. ఆయన ఉద్యోగం మీద నాకు రావాల్సిన పింఛను పని కూడా ఆ హాల్లోనే, ఆ కిటికీల దగ్గరే. ఇవాళ రేపు అని జరుపుకుంటూ వచ్చాను. ఆ మాట అనాల్సి వస్తుందని భయం. కుర్చీ మీద ఫైళ్లు కనిపిస్తాయేమోనని అంతకన్నా భయం.

వానలు తగ్గాక పైడమ్మత్త నన్ను బలవంతాన ఆటో ఎక్కించి తనూ ఎక్కింది. ఆయనతో పనిచేసినవాళ్లు చాలామంది బదిలీ అయ్యారు, నేనెవరో అక్కడ ఎవరికీ తెలీదు. మొదటి కిటికీలో కొత్త గుమాస్తా. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. అతను నా వట్టి నుదురు చూసి ఏమీ అడగలేదు. లేచి నిలబడి, "ఉధర్ బైఠియే, మాజీ" అని, అటు కూర్చోండమ్మా అన్నట్టు తెర వైపు చెయ్యి చూపించాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

తెర వెనక ఉమారాణి అని తెలుగమ్మాయే. మంచినీళ్లిచ్చి, నేను తాగేదాకా ఆగి, ఎవరు పోయారమ్మా అంది.

"మా ఆయన పోయారు," అన్నాను.

పేరు అడిగింది. "సత్తిరాజు" అన్నాను. నా గొంతులో ఆ పేరు నాకే ఎవరిదో అన్నట్టు వినిపించింది. ఉమారాణి చెయ్యి ఆగింది. నేను కూర్చున్న కుర్చీ వైపు ఒకసారి చూసింది. పచ్చ చీటీ నా చేతిలో పెట్టి, వేళ్లు మూసింది.

మిగతా కిటికీల్లో ఎవరూ అడగలేదు. ఆఖరి కిటికీ దగ్గర పనైపోయాక కూడా నిలబడే ఉన్నాను. ఇంకేటి సూత్తన్నావని పైడమ్మత్త నా చెయ్యి పట్టుకుంది.

ఇంటికొచ్చి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్లగానే ఆయన అడిగారు, ఏం పని అని.

"జరిగిందండీ. మీరు లేనప్పుడు కూడా జరిగింది," అన్నాను.

అవతల నుంచి ఏ మాటా రాలేదు. ఆ రోజు నుంచీ ఏ గుమ్మం దగ్గరా ఆ గొంతు లేదు. నేను మాత్రం దాటే ముందు ఆగుతూనే ఉన్నాను, అడుగుతారేమోనని.