కారు సీటు కింద మంత్రాల బడి

ఈ ఉదయం లైబ్రరీ నుంచి ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. నాకోసం తీసిపెట్టమని హోల్డ్ పెట్టిన మంత్రాల బడి సిరీస్ చివరి భాగం, కెనడాలో మేముండే బ్రాంప్టన్‌లోని బ్రాంచికి చేరిందట. యాభై మూడేళ్ళవాణ్ణి, వాకిట్లో మంచు తీసే పని సగంలో వదిలేసి కారెక్కాను. ఇంటిదాకా ఆగలేక పార్కింగ్‌లోనే హీటర్ వేసుకుని రెండు అధ్యాయాలు చదివేశాను. ఆరో తరగతి పిల్లల పుస్తకానికి గుండె ఇలా కొట్టుకోవడం నాకు న్యాయంగా దక్కిన సంతోషం కాదు. మా అమ్మాయి దగ్గర లాక్కున్నది.

అప్పుడు ఆమెకు పదేళ్ళు. ఆ సిరీస్ కథలో నత్తి ఉన్న ఒక కుర్రాడు మంత్రవిద్య నేర్పే బడిలో చేరతాడు. మంత్రాన్ని ఒక్క ఊపిరిలో పలకాలి, తడబడితే అది తిరిగి మన మీదకే వస్తుంది. స్కూల్ బుక్ ఫెయిర్‌లో కొన్న మూడో భాగాన్ని అమ్మాయి మా తెలుగు చర్చికి తెచ్చుకుంది. నేనక్కడ సంఘపెద్దను. ఆరాధన అయ్యాక, సమోసాల బల్ల దగ్గర, ఒక ఆంటీ నలుగురూ వినేట్టు అడిగింది: "ఏంటి బ్రదర్, మీరేమో వాక్యం చెప్తారు, మీ అమ్మాయేమో మంత్రాలు నేర్చుకుంటుందా?" పిల్ల ఏం చదువుతోందన్నది కాదు, నలుగురు విన్నారన్నదే నన్ను కాల్చింది. ఇంటికి రాగానే పుస్తకం లాక్కున్నాను. "డాడీ, ప్లీజ్, థర్టీ పేజెస్ అంతే! వాడింకా బ్రిడ్జి మీదే ఉన్నాడు!" అని ఏడ్చింది. అక్కడితో ఆగానా? ఆ శుక్రవారం గృహప్రార్థనలో ఆమెను నిలబెట్టి, అలాంటి పుస్తకాలు చదవడం మానేశానని సాక్ష్యం చెప్పించాను. సాక్ష్యమంటే మనిషి తనంతట తాను లేచి చెప్పేది. పిల్ల నేలకేసి చూస్తూ ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి కూర్చుంది. అందరూ ఆమేన్ అన్నారు. అందరికంటే గట్టిగా నేనన్నాను.

తరవాత యూత్ మీటింగ్‌లో ఇలాంటి పుస్తకాల మీద మాట్లాడమన్నారు. తప్పులు గుర్తు పెడదామని పెన్సిల్ పట్టుకుని, నేను పనిచేసే వేర్‌హౌస్‌లో లంచ్ బ్రేక్‌కి కారులో కూర్చుని, లాక్కున్న ఆ మూడో భాగాన్ని తెరిచాను. మొదటి పది పేజీల్లో ఏడు గీతలు గీశాను. యాభయ్యో పేజీకి పెన్సిల్ ఎక్కడ పడిందో తెలియదు. చివరి ముప్పై పేజీలకు వచ్చేసరికి వంతెన పలక పలకగా కూలుతోంది, కుర్రాడి నోట మొదటి అక్షరం దాటి రావడంలేదు, నేను స్టీరింగ్ పట్టుకుని "అనరా, అనెయ్ రా!" అని అరుస్తున్నాను. పక్క కారులో శాండ్‌విచ్ తింటున్న ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ అద్దం దించి, బాగానే ఉన్నావా అని అడిగాడు. ఆ వారమే లైబ్రరీకి వెళ్ళి మొదటి రెండు భాగాలు, ఆపైన నాలుగు, ఐదు తెచ్చుకున్నాను. ఎవరికని కౌంటర్‌లో అడిగితే, మా అమ్మాయికి అన్నాను. ఇంట్లో ఆమె మాత్రం ఏ పుస్తకం తెచ్చుకున్నా ముందు అట్ట నాకు చూపించి, తరవాతే తెరిచేది.

ఒకరోజు మా ఆవిడ కారు వ్యాక్యూమ్ చేస్తూ సీటు కింద నేను దాచిన ఆ భాగాలను పట్టుకుంది. "ఏదో దాస్తుంటే సిగరెట్లు మొదలెట్టారనుకున్నా. అదే నయమేమో!" అంది. నేను నవ్వబోయాను. ఆమె నవ్వలేదు. "పిల్ల చేత నలుగురిలో చెప్పించారుగా. ఇప్పుడు మీరూ నలుగురిలోనే చెప్పండి."

ఆ శుక్రవారం గృహప్రార్థనలో లేచి నిలబడ్డాను. "మా అమ్మాయి చెప్పింది సాక్ష్యం కాదు. నా పరువు కోసం నేను చెప్పించుకున్నది. ఆ పుస్తకాలు ఐదూ నేను దొంగచాటుగా చదివాను. చాలా బాగున్నాయి," అన్నాను. ఎవరూ ఆమేన్ అనలేదు. సమోసాల బల్ల దగ్గర నన్నడిగిన ఆ ఆంటీయే, "అంత బాగుంటాయా బ్రదర్?" అంది. నేను అమ్మాయి దగ్గరికెళ్ళి మూడో భాగం చేతిలో పెట్టి, "తప్పు చేశానమ్మా, నన్ను క్షమించు. ఆ వంతెన మీద వాడు..." అనబోయాను.

"డాడీ, నో! చెప్పొద్దు!" రెండు చేతులతో నా నోరు మూసేసింది. పుస్తకం తీసుకుని గుమ్మం దగ్గర స్నో బూట్ల మధ్య చతికిలబడి, అక్కడికక్కడే మొదలుపెట్టింది. ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు ఆమె పక్కనుంచి మెల్లగా తప్పుకుని బూట్లు తొడుక్కున్నారు. ఆమె తలెత్తలేదు.

నేను లాక్కున్న రోజుకూ తిరిగిచ్చిన రోజుకూ మధ్య ఎనిమిది నెలలు. నా వయసులో అది ఒక చలికాలం వచ్చి పోయినంత. పదేళ్ళ పిల్లకు అది ఎంత పొడుగో, పేజీ తిప్పుతున్న ఆమె వేళ్ళ తొందర చూశాకే నాకు తెలిసింది.