మిర్చి యార్డుకు తెల్లచొక్కా

మొన్న ఆదివారం మంగళగిరి నుంచి మా చెల్లెలి కూతురు వీడియో కాల్ చేసి, మంచం మీద పరిచిన బట్టలన్నీ వరసగా చూపించి, పెద్దమ్మా, రేపు ఆఫీసులో పెద్దవాళ్ళ ముందు మాట్లాడాలి, వీటిలో ఏది వేసుకుంటే నా మాటకు విలువ ఉంటుందో చెప్పమని అడిగింది. ఏ రంగు కడితే ఎదుటివాళ్ళు ఏమనుకుంటారో చెప్పే వీడియోలు కూడా బోలెడు చూసిందట. ముదురు నీలం బాగుందని చెప్పి ఫోన్ పెట్టేశాను గానీ, ఆ తర్వాత స్టవ్ మీద పోపు మాడుతున్నా నాకు తెలియలేదు. మనసు ఎప్పటి మిర్చి యార్డుకో వెళ్ళిపోయింది.

రెండు వేల సంవత్సరం వస్తోందని లోకమంతా హడావిడి పడుతున్న రోజులవి. గుంటూరు బ్రాడీపేటలో, మిరపకాయలు విదేశాలకు పంపే ఒక కంపెనీ ఆఫీసులో నేను శాంపిళ్ళు పరీక్షించే బల్ల దగ్గర పనిచేసేదాన్ని. మా వారు ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పేవారు. ఆ చలికాలంలో సింగరాయకొండలో బంధువుల పెళ్ళికి వెళ్ళి వస్తూ హైవే మీద స్కూటరు జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకున్నారు. ప్రైవేటు ఉద్యోగం కదా, మనిషి మంచమెక్కగానే జీతమూ ఆగిపోయింది. సరిగ్గా అప్పుడే మా కంపెనీలో యార్డుకు వెళ్ళి సరుకు కొనే ఆయన మానేశాడు. ఆ పనికి జీతం నాదానికి రెట్టింపు పైచిలుకు. సిగ్గు విడిచి నాకిమ్మని అడిగాను. మేనేజరు గారు నన్ను ఎగాదిగా చూసి, యార్డులో ఆడవాళ్ళు కాయలు ఏరతారు గానీ కొనరమ్మా అన్నారు. నేను అక్కడినుంచి కదల్లేదు. చివరికి విసుక్కుంటూనే, రెండు లాట్లు కొని చూపించు, రెండోదానిలోనూ రంగు తేడా వచ్చిందా, మళ్ళీ ఈ బల్లే నీకు గతి అని ఒప్పుకున్నారు.

ఇక ఏం కట్టుకుని వెళ్ళాలన్నది పట్టుకుంది నన్ను. కాయలు ఏరే ఆడవాళ్ళు ఘాటుకు చేతులు మండకుండా చీర మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుంటారు. పొరపాటున కూడా అలా కనబడకూడదు. బాగా గంజి పెట్టిన మెరూన్ రంగు మంగళగిరి చీర తీశాను. అందరూ ఎర్రటి దుమ్ము కొట్టుకుని తిరుగుతుంటే నా చీర మీద మాత్రం అది కనబడదు, సాయంత్రం దాకా ఆఫీసరులా నిలబడొచ్చు అన్నది నా లెక్క. ఆ లెక్కకు నాకు నేనే మురిసిపోయానంటే నమ్మండి.

యార్డులో మగవాళ్ళంతా తెల్ల చొక్కా, తెల్ల పంచె, భుజాన తెల్ల కండువా. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, కండువా చెంగు మీద పోసి, అటూ ఇటూ దొర్లించి, ధర చెప్పి ముందుకు పోతున్నారు. అదంతా వాళ్ళ దర్జా అనుకున్నాను. నేను మాత్రం బస్తా మీదికి వంగి, దోసిట్లోకి తీసుకుని చూశాను. కణకణలాడే ఎరుపు! బేరం చేసి కొనేశాను.

సాయంత్రం గోడౌన్లో మేనేజరు గారు అవే కాయలు తెల్లకాగితం మీద పోయించారు. చూస్తే వెలిసిపోయిన ఇటుక రంగులో ఉన్నాయి. "ఇదేనామ్మా నీకు కనబడ్డ ఎరుపు?" అని ఒక్కటే అడిగారు. తిట్టినా బాగుండేది.

ఇంటికి పట్టుకొచ్చిన గుప్పెడు కాయలను, పడమటి ఎండ పడే కిటికీ దగ్గర మా వారి మంచం మీద పోసి కూర్చున్నాను. ఏడుపొస్తోంది. తెల్లదుప్పటి మీద అవి వెలవెలబోతూనే ఉన్నాయి. కోపంతో తీసి ఒళ్ళో పోసుకున్నాను. మళ్ళీ అదే ఎరుపు! మా వారు తల ఎత్తి, "ఎండ నీ చీర మీద పడి కాయల మీదికి కొడుతోందే" అన్నారు. తెల్ల తువ్వాలు పరిచి చూశాం. నేను దగ్గరికి వంగేసరికి ఆ తువ్వాలే ఎరుపెక్కింది. అప్పటికి గానీ యార్డులో మగవాళ్ళ తెల్లబట్టల సంగతి నాకు బోధపడలేదు. పుట్టినప్పటినుంచీ అలా చూస్తున్నవాళ్ళకు అది ఒకరికి చెప్పాల్సిన విషయమని కూడా తోచదు మరి.

నా చీరలన్నీ మాసినా కనబడని ముదురు రంగులే. ఆ ఇంట్లో తెల్లచీర కట్టేది వైధవ్యంలో ఉన్న మా అత్తగారొక్కరే. దాని జోలికి పోయే ఆలోచన కూడా చేయలేదు. ఇక మిగిలినవి మా వారి తెల్లచొక్కాలు. సుద్దముక్క పొడి కనబడదని ఆయన ఎప్పుడూ అవే వేసుకునేవారు. కొడుకు మంచాన పడ్డా, అత్తగారు వారం వారం వాటిని తీసి, బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసి, మళ్ళీ బీరువాలో పెట్టేది. ఆయన తీసుకోమన్నారు. నేను బీరువా తెరిచాను. అత్తగారు గుమ్మంలోనే నిలబడిపోయింది.

"మంచంలో మనిషుండగానే వాడి బట్టలు బయటికి తీస్తారటే?" అంది.

పోయినవాళ్ళ బట్టలే అలా బయటికి తీసి ఇచ్చేస్తారు మరి. ఉద్యోగం కోసమని, ఆయన మందుల కోసమేనని ఎంత చెప్పినా ఆవిడ వినలేదు. ఆ పూట అన్నం తినలేదు. మరునాడు నేను చీర మీద చొక్కా తొడుక్కుని బయలుదేరుతుంటే ముఖం గోడవైపు తిప్పుకుంది. ఆవిడ అన్నమాటే నిజమవుతుందేమోనన్న భయం యార్డు దాకా నా వెంటే వచ్చింది.

గేటు దగ్గరే ఆపేశారు. "ఏరేవాళ్ళు అటువైపు నుంచి రావాలమ్మా." కొనడానికి వచ్చానంటే వెనకాల ఎవరో పకపకా నవ్వారు. లోపల నిన్న నాకు సరుకు అంటగట్టిన కమీషన్ వ్యాపారి ఎదురొచ్చి, "రండి మేడం గారూ, నిన్నటి దానికన్నా ఒక మెట్టు ఎక్కువే ఇది" అన్నాడు. చొక్కా చేతి మీద కాయలు పోసుకుని చూశాను. ఇటుక రంగు. వద్దండీ అన్నాను. మరో లాటు, ఇంకో లాటు, అన్నీ వద్దనే అన్నాను. ఎండ నడినెత్తికి వచ్చింది. బేరాలు ముగుస్తున్నాయి. చొక్కా చేతులు పొడుగై వేళ్ళ మీదికి జారుతున్నాయి, ఎన్నిసార్లు మడిచినా నిలవడం లేదు. చెమటకు కారం తోడై మెడంతా మంట. తప్పు సరుకు కొంటే ఉద్యోగం పోతుంది, ఒట్టి చేతులతో వెళ్ళినా పోతుంది. షెడ్డు చివర ప్రకాశం వైపు రైతు ఒకాయన బస్తాలు ఎవరి కంటా పడకుండా ఉన్నాయి. గుప్పెడు తీసి చేతి మీద పోసుకున్నాను. ఆ తెలుపు మీద అవి నిగనిగలాడుతూ నిలిచాయి. ధర చెప్పి లాటు మొత్తం కొనేశాను.

గోడౌన్లో మేనేజరు గారు కాగితం మీద కాయలు దొర్లించి దొర్లించి చూశారు. నన్నూ చూశారు, నా చొక్కానూ చూశారు. "రేపటినుంచి పొద్దున్నే నేరుగా యార్డుకే వెళ్ళమ్మా" అన్నారు. రోడ్డు మీదికి వచ్చాక, ఎవరు చూస్తున్నారన్న ధ్యాస లేకుండా ఏడ్చేశాను.

ఇంటికి వచ్చి విషయం నేను మా వారికి చెబుతుంటే అత్తగారు వంటింట్లోంచి వినే ఉంటుంది. మర్నాడు లేచేసరికి చొక్కా ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తలుపుకు తగిలించి ఉంది. చేతులు సరిగ్గా నా మణికట్టు దగ్గరికి వచ్చేలా కుట్టి ఉన్నాయి. తిప్పి చూశాను. ఎక్కడా కత్తిరించలేదు. లోపలికి మడిచి, ఒక్క దారం లాగితే ఊడిపోయేలా పెద్ద పెద్ద కుట్లు వేసింది. కొడుకు లేచిన రోజున విప్పడానికన్న మాట. మిగతా చొక్కాలన్నిటికీ అలాగే వేసింది, ఒక్క ముక్క నాతో మాట్లాడకుండా.

వానలు పడ్డాక మా వారు కర్ర పట్టుకుని నడిచారు. కాలేజీకి వెళ్ళేనాటి ఉదయం అత్తగారు పీటమీద కూర్చుని, కళ్ళజోడు సర్దుకుంటూ ఆ కుట్లు విప్పింది. సీజనంతా పట్టిన కారం రంగు ఎంత ఉతికినా చొక్కాను వదల్లేదు. మడత లోపల దాగిన మేర మాత్రం కొత్తగుడ్డలా తెల్లగా బయటపడింది. ఆయన ఆ చొక్కానే వేసుకుని వెళ్ళారు. ఆవిడ వీధి మలుపు దాకా చూస్తూ నిలబడి, లోపలికి వచ్చాక, మొదటిసారిగా నన్ను కూర్చోబెట్టి తనే అన్నం వడ్డించింది.

ఇప్పుడు కాయ రంగు చెప్పడానికి మిషన్లున్నాయట. ఆడపిల్లలు ప్యాంట్లు వేసుకుని యార్డుకు వచ్చి కొనుక్కుపోతున్నా ఎవరూ తల తిప్పి చూడటం లేదట. వినడానికి ఎంత హాయిగా ఉందో. అత్తగారు పోయి చాలా ఏళ్ళయింది. బతికినన్నాళ్ళూ నన్ను నోరారా మెచ్చుకున్నది లేదు. ఈనాటి పిల్లలకు ఏం వేసుకోవాలో చెప్పేవాళ్ళు ఫోను నిండా ఉన్నారు. మన మీద కోపంతో అన్నం మానేసి, తెల్లారేసరికి మన చేతి కొలతకు కుట్టి పెట్టే మనిషి మాత్రం ఇంట్లో ఉండాలి. నాకు ఉండేది.